నందన్‌కానన్‌లో కొత్త విభాగం వస్తుందట: విన్న మాటను తూచి, నిలబడే అంచనా వేయడం ఎలా

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాలకు సెలవుల్లో జూ అనగానే గుర్తుకొచ్చే పేర్లు రెండు. ఒకటి దక్షిణాన విశాఖపట్నంలో 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల, రెండోది ఉత్తరాన భువనేశ్వర్ శివార్లలోని నందన్‌కానన్. పిల్లలు, వాళ్లతో పాటు పెద్దలూ ఎక్కువగా ఊహలల్లేది నందన్‌కానన్ చుట్టూనే. "ఆఫ్రికా సఫారీ కడుతున్నారట", "రాత్రి సఫారీ వస్తుందట", "డైనోసార్ల లోకం పెడతారట" అని ఎవరో ఒకరు అంటారు. మర్నాటికల్లా ఆ మాట చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, ఆ పై వారానికి ప్రారంభోత్సవం తేదీతో సహా మన దగ్గరికే తిరిగి వస్తుంది.

ఇలాంటి ఊహలు చేయడంలో తప్పేమీ లేదు. ఒక చోటు మీద ఇష్టం ఉన్నవాళ్లే అక్కడ ఇంకేం వస్తుందా అని ఎదురుచూస్తారు. అయితే ఊహను పద్ధతిగా చేస్తే దానివల్ల కలిగే ఆనందం ఎక్కువ, నష్టం తక్కువ. జంతువులున్న పార్కు విషయంలో ఒక వెసులుబాటు కూడా ఉంది: రంగులరాట్నాన్ని గుట్టుగా తెచ్చి ఒక్క రాత్రిలో బిగించవచ్చు గాని, జిరాఫీని ఎవరూ గుట్టుగా తేలేరు. దానికి అనుమతి కావాలి, ఇల్లు కావాలి, వైద్యుడు కావాలి, మేత కావాలి, ఈ ప్రతిదానికీ ఎక్కడో ఒక కాగితం పుడుతుంది. ఆ కాగితాల జాడ పట్టుకోవడమే ఈ పద్ధతికంతటికీ ఆధారం.

ముందుగా మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి

మీకు చేరిన కబురును ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, ఏ పదాలతో వచ్చిందో ఆ పదాలతోనే రాయండి. దాని కింద నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఏ జంతువులు, పార్కులో ఏ చోట, ఎవరి డబ్బుతో, ఎప్పటికి. మొదటి రెండింటికి ఆ కబురులో జవాబు లేకపోతే దాన్ని ఇంకా వదంతి అని కూడా అనలేం, అది ఎవరి కోరికో అయి ఉంటుంది. తేదీ మాత్రమే గట్టిగా చెప్పి మిగతా మూడూ చెప్పని కబురును మరింత అనుమానించండి, ఎందుకంటే నిజమైన పనుల్లో అందరికన్నా చివర తేలేది తేదీయే.

కబురు మీ దాకా ఎలా వచ్చిందో కూడా రాసుకోవాలి. మన ప్రాంతంలో వార్త సాధారణంగా ఒడియా పత్రికలో పుడుతుంది, ఎవరో దాన్ని తెలుగులో క్లుప్తంగా చెబుతారు, ఆ క్లుప్తంలో "అయితే", "అనుమతి వస్తే", "ఆలోచన ఉంది" వంటి మాటలు రాలిపోతాయి. బడిలో ఒడియా చదువుకున్న వాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు కనుక మూల వార్తను తెప్పించుకుని స్వయంగా చదవండి. ఆ ఒక్క పనితోనే సగం వదంతులు తేలిపోతాయి.

మాట ఏ మెట్టు మీద ఉందో గుర్తించండి

ప్రభుత్వ పని ఏదైనా మెట్లు ఎక్కుతూనే వస్తుంది. ఆలోచన చేస్తున్నారు అన్నది మొదటి మెట్టు; ప్రతిపాదన పంపారు, సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, సవివర నివేదిక తయారైంది, పరిపాలనా అనుమతి వచ్చింది, టెండరు పిలిచారు, పని మొదలైంది అన్నవి వరుసగా పై మెట్లు. మంత్రి గారు సభలో చెప్పిన మాట చాలాసార్లు మొదటి రెండు మెట్ల మీదనే ఉంటుంది, వినేవాళ్లకు మాత్రం అది చివరి మెట్టులా వినిపిస్తుంది. మీ నోటు పుస్తకంలో కబురు పక్కన దాని మెట్టును రాయండి, మెట్టు మారినప్పుడల్లా తేదీతో సహా మార్చండి.

ఈ తేడా ఎంత ముఖ్యమో అమెరికాలోని ఒక పార్కు కథ చక్కగా చూపిస్తుంది. ఫ్లోరిడాలోని డిస్నీస్ యానిమల్ కింగ్‌డమ్ 1998 ఏప్రిల్ 22న తెరుచుకుంది. అందులో డైనోసార్ల నేపథ్యంతో ఉన్న డైనోల్యాండ్ స్థానంలో జూటోపియా, మోనా అనే డిస్నీ కార్టూన్ సినిమాల కథల ఆధారంగా కొత్త విభాగాలు రావచ్చని 2022 సెప్టెంబరులో సంస్థ వాళ్లే తమ అభిమానుల సభలో వేదిక మీద చెప్పారు. ఇంకా తొలి ఆలోచన దశలోనే ఉందని కూడా ఆ వేదిక మీదే చెప్పారు, కాని అభిమానులు ఆ రెండో ముక్కను పట్టించుకోలేదు. 2024 ఆగస్టులో ఖాయమై వచ్చిన ప్రకటన వేరు: ఆ స్థలంలో ఉష్ణమండల అమెరికా దేశాల నేపథ్యంతో ఒక విభాగం కడతామని, 2027లో తెరుస్తామని చెప్పారు. జూటోపియా పేరుతో పూర్తి విభాగం వచ్చిన చోటు షాంఘై పార్కు, అదీ 2023 డిసెంబరులో. ఇక్కడ అబద్ధం ఆడినవాళ్లు ఒక్కరూ లేరు. మొదటి మెట్టును చివరి మెట్టుగా చదవడం వల్లనే అంతమంది నిరాశపడ్డారు.

బొమ్మ వస్తే బొమ్మలోని కంచెను చూడండి

వదంతి వెంట తరచూ ఒక రంగుల చిత్రం వస్తుంది. ఉదాహరణకు గడ్డి మైదానం, నాలుగు జిరాఫీలు, వెనక సూర్యాస్తమయం, ముందు ఒక కుటుంబం నిలబడి చేతులు ఊపుతున్న బొమ్మ వచ్చిందనుకుందాం. ముందుగా జంతువుకూ మనిషికీ మధ్య ఏముందో చూడండి. జూ రూపకల్పన చేసే వాళ్లు గీసిన నిజమైన నమూనాలో కందకం గాని, గాజు తెర గాని, ఇనుప వల గాని తప్పకుండా ఉంటుంది. సందర్శకుడు నిలబడే అరుగుకూ ఆ అడ్డుకూ మధ్య దూరం కనబడుతుంది. ఒక మూలన జంతువులు రాత్రి తలదాచుకునే గది కప్పు తొంగి చూస్తుంది. మేత బండి వచ్చే సిబ్బంది దారి ఒకటి వేరుగా ఉంటుంది. ఇవేవీ లేకుండా పిల్లవాడు చెయ్యి చాపితే జిరాఫీ మూతి తగిలేలా ఉంటే, ఆ బొమ్మ గీసిన వారికి జూ పని తెలియదని అర్థం. ఆ తరువాత ఆ చిత్రాన్ని గూగుల్ లెన్స్‌లో వెతికితే అది మరే దేశపు పార్కుదో, మరే కంపెనీ ప్రకటనదో తరచుగా బయటపడుతుంది.

జంతువు వైపు నుంచి లెక్క వేయండి

ఈ పద్ధతిలో అసలైన భాగం ఇదే, కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. కబురులో చెప్పిన ఒక్కొక్క జంతువునూ తీసుకుని, అది ఇక్కడికి రావాలంటే ఏమేమి జరగాలో అడుగుతూ పోవాలి.

మన దేశంలో జూలన్నీ 1992లో ఏర్పడిన కేంద్ర జూ అథారిటీ పర్యవేక్షణలో ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-హెచ్ సెక్షను ప్రకారం ఆ అథారిటీ గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. 38-ఐ సెక్షను ప్రకారం సంరక్షిత జంతువులను ఒక జూ నుంచి మరొక జూకి తరలించడానికీ దాని అనుమతి తీసుకోవాలి. అంటే ఒక జూ పులి పిల్లనిచ్చి మరో జూ నుంచి ఇంకేదో జంతువును తెచ్చుకునే మార్పిడి కూడా ఫైలు నడిచాకే జరుగుతుంది. విదేశాల నుంచి తేవాలంటే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం కింద అనుమతులు, దిగుమతి లైసెన్సు, పశు క్వారంటైన్ తోడవుతాయి. వచ్చిన జంతువును వెంటనే జనానికి చూపించరు; సాధారణంగా కనీసం 30 రోజులు విడిగా ఉంచి రోగాలేమీ లేవని తేల్చుకున్నాక కొత్త చోటుకు అలవాటు చేస్తారు. కాబట్టి జంతువులు ఇంకా రాకుండానే వచ్చే నెలలో ప్రారంభమట అని ఎవరైనా అంటే ఆ మాట నిలవదు.

తరువాత ఆ జంతువు ఒంటి తీరును గమనించండి. పెద్ద మగ జిరాఫీ అయిదు మీటర్లు దాటుతుంది. అందుకే దాన్ని చిన్న వయసులోనే తరలిస్తారు, లారీ మీద ఎత్తయిన పెట్టెలో తెచ్చేటప్పుడు దారిలోని వంతెనల ఎత్తు, కరెంటు తీగల ఎత్తు ముందే చూసుకుంటారు. దాని గది తలుపే మన ఇంటి మేడంత ఎత్తుండాలి. అంతటి కట్టడం పార్కులో ఎక్కడా లేవకపోతే జిరాఫీల మాట ఇప్పట్లో లేదనుకోవచ్చు. జీబ్రాలకు గుంపు కావాలి, ఒక్కదాన్ని తెచ్చి నిలబెట్టడం మంచి జూ చేసే పని కాదు. ఆఫ్రికా సింహాల పేరు వినబడితే మరింత ఆగి ఆలోచించండి: సర్కసుల నుంచి వచ్చిన ఆఫ్రికా సింహాలకూ మన ఆసియా సింహాలకూ ఒకప్పుడు మన జూలలో సంకరం జరిగిపోయి, ఆ సంతతిని పెంచడం ఆపవలసి వచ్చింది. ఆ అనుభవం తరువాత ఏ అధికారీ ఆ విషయాన్ని తేలికగా తీసుకోడు.

జూలు ఏటా మార్చి 31 నాటికి తమ దగ్గరున్న జంతువుల పట్టికను అథారిటీకి పంపుతాయి. ఏ జాతిలో ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఎన్ని పుట్టాయి, ఎన్ని చనిపోయాయి, ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి అన్నవి అందులో వరుసగా ఉంటాయి. రెండు మూడేళ్ల పట్టికలను పక్కపక్కన పెట్టి చదివితే, ఒక జాతి మెల్లగా పెరుగుతోందా, జోడు లేని జంతువుకు జోడు వచ్చిందా అన్నది తెలిసిపోతుంది. ఎవరి నోటి మాటకన్నా ఈ పట్టిక నమ్మదగినది.

కాగితాలను ఎక్కడ వెతకాలి

గుర్తింపు పొందిన జూలో ఏ పెద్ద మార్పు అయినా అథారిటీ ఆమోదించిన మాస్టర్ లేఅవుట్, అంటే మొత్తం పార్కు ప్రణాళికా పటం, ప్రకారమే జరగాలి. ఆ సంస్థ సాంకేతిక కమిటీ సమావేశాల మినిట్స్ (చర్చల, నిర్ణయాల నమోదు) దాని వెబ్‌సైటులో ఉంటాయి; వాటిలో నందన్‌కానన్ పేరు వెతకండి. అడవి భూమిలో కొత్త జూ లేదా సఫారీ అయితే గడప ఇంకా ఎత్తయింది: రక్షిత ప్రాంతాలు కాని అటవీ భూముల్లో జూలు, సఫారీలు పెట్టే ప్రతిపాదన ఏదైనా తమ అనుమతి లేకుండా ఖరారు చేయరాదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. కొండ పక్కన కొత్త సఫారీ వచ్చేస్తోంది అనే కబురు విన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒడిశా ప్రభుత్వ టెండర్ల పోర్టల్ రెండో చోటు. ఇక్కడ పని పేరు ఒక్కటే చూసి సంబరపడకుండా పనుల వివరాల పట్టిక తెరవండి. టాయిలెట్ బ్లాక్, పేవర్ రాళ్లు, సెల్ఫీ పాయింట్, టికెట్ కౌంటరు అని ఉంటే అవి సందర్శకుల సదుపాయాలు, కొత్త విభాగానికి సూచన కావు. నైట్ షెల్టర్, క్రాల్ (గదిని ఆనుకుని ఉండే చిన్న కంచె ఆవరణ), పొడి కందకం, స్క్వీజ్ కేజ్, చెయిన్‌లింక్ వల, జంతువుల నీటి తొట్టి అన్న మాటలు కనబడితే అక్కడ ఎవరో ఒక జంతువు కోసం ఇల్లు కడుతున్నారు. స్క్వీజ్ కేజ్ అంటే మందు వేయడానికి జంతువును మెల్లగా ఒక పక్కకు ఒత్తి నిలబెట్టే బోను. ఆ మాట ఉందంటే పెద్ద జంతువును దృష్టిలో పెట్టుకున్నారని దాదాపు ఖాయం. పని పూర్తి చేయవలసిన గడువు కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. పని మొదలైన రోజుకు ఆ గడువు, దానికి వానాకాలం, ఆపైన జంతువుల రాక, క్వారంటైన్ కలుపుకుంటే మీ చేతిలో ఒక నిజాయితీ గల తేదీ ఉంటుంది.

ఫ్లోరిడా అభిమానులూ ఇదే చేస్తారు. అక్కడి జల నిర్వహణ మండలికి పార్కు దాఖలు చేసే పటాలను తెరిచి, ఏ చెరువు పూడుస్తున్నారు, ఏ కాలువ మళ్లిస్తున్నారు అన్నది చూసి, ప్రకటనకు ముందే స్థలం కనిపెడతారు.

రెండు చోట్లా ఏమీ దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఒడిశాలో దానికి ఫారం-ఎ నింపి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, గుర్తింపు పత్రం నకలు జతచేయాలి. జవాబుకు 30 రోజుల గడువు. దరఖాస్తు ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాయాలి, తెలుగులో రాస్తే చెల్లదు. "కొత్త సఫారీ ఎప్పుడు వస్తుంది?" అని అడగకండి, అభిప్రాయాలు చెప్పే బాధ్యత వారికి లేదు. "మాస్టర్ లేఅవుట్ సవరణ కోసం గత రెండేళ్లలో కేంద్ర జూ అథారిటీకి పంపిన ప్రతిపాదనల నకళ్లు ఇప్పించగలరు" అని అడిగితే కాగితం చేతికి వస్తుంది.

వెళ్లి చూసేటప్పుడు

సోమవారం నందన్‌కానన్‌కు సెలవు, మిగతా రోజుల్లో ఒకటి ఎంచుకోండి. బరంపురం నుంచి భువనేశ్వర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సో ఆటోనో తేలిక. తెరిచిన వెంటనే లోపలికి వెళితే పని జరిగే చోట్లు తీరుబడిగా చూడవచ్చు. ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి ఉన్న చోట ఆగి, దారి మీద నిలబడే కనబడినంత వరకు చూడండి. తవ్వింది సన్నని పొడుగు కాలువ అయితే అది డ్రైనేజీ. వెడల్పుగా ఉండి, ఒక గట్టు నిటారుగా, జంతువు ఉండే వైపు గట్టు ఏటవాలుగా ఉంటే కందకం కావచ్చు. పునాది గదులు వరుసగా చిన్నచిన్నవిగా ఉండి, మధ్యలో జారుడు తలుపులకు గాడులు వదిలి ఉంటే అవి రాత్రి గదులు. పని వివరాలు, గుత్తేదారు పేరు, గడువు రాసిన బోర్డు ఉంటే దాన్ని ఫొటో తీసుకోండి.

కీపర్లను గుచ్చి గుచ్చి అడగకండి. వాళ్లకు తెలిసినా చెప్పే అధికారం ఉండదు, ఒక్క మాట జారితే మాట పడేది వాళ్లే. దానికి బదులు ఆ జంతువు ఏం తింటుంది, ఎలా నిద్రపోతుంది అని అడిగితే ఎంతో సంతోషంగా చెబుతారు, మీకూ ఊహకు పనికొచ్చే జ్ఞానం వస్తుంది. వల పైకి ఎక్కడం, డ్రోను ఎగరేయడం వంటివి ఎంతమాత్రం తగవు, జంతువులు బెదురుతాయి.

ఇప్పుడు మీ అంచనా రాయండి

దొరికిన ఆధారాలతో "వస్తుంది", "రాదు" అని తేల్చేయకుండా, ఎంతవరకు నమ్ముతున్నారో, ఏ కాగితం వస్తే మీ అభిప్రాయం మారుతుందో రాయండి. పార్కు తన గుర్తుల్లో ఏదైనా చూపించినా దాన్ని హామీగా తీసుకోకండి. యానిమల్ కింగ్‌డమ్ చిహ్నంలో ఏనుగు, సింహం వంటి జంతువుల మధ్య ఒక డ్రాగన్ ఉంది. పుక్కిటి పురాణాల జంతువుల కోసం బీస్ట్‌లీ కింగ్‌డమ్ అనే విభాగం కట్టాలని మొదట్లో అనుకున్నారు, కట్టనే లేదు. దానికోసం అనుకున్న స్థలంలో 2017 మే నెలలో పండోరా అనే మరో లోకం తెరుచుకుంది. చిహ్నంలో డ్రాగన్ మాత్రం ఉంది.

అంచనా వేసేటప్పుడు ఆ పార్కుకు ఏది చేతనవునో దాన్నుంచి మొదలుపెట్టాలని నా నమ్మకం. 1960 డిసెంబరులో స్థాపించిన నందన్‌కానన్‌లో 1980లో మామూలు రంగు పులుల జంటకు తెల్ల పిల్లలు పుట్టాయి. అదే ఏడాది ఘరియల్ మొసళ్లు మనిషి సంరక్షణలో సంతానోత్పత్తి చేశాయి. అలుగుల (పాంగోలిన్ల) సంతానోత్పత్తి కేంద్రం అక్కడ ఉంది. ప్రపంచ జూల సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి భారతీయ జూ అది, 2009లో. ఇంత అనుభవం మన నేల జంతువుల మీద ఉన్న చోట, తరువాత వచ్చేదీ మహానది, తూర్పు కనుమలు, ఒడిశా తీరం చుట్టూ అల్లుకున్నదై ఉండే అవకాశమే ఎక్కువ. మనవాళ్లు ఎప్పుడూ ఆఫ్రికానే ఊహించడం నాకు కొంత బాధ కలిగిస్తుంది. భేట్నోయి పొలాల్లో రైతుల మధ్యనే తిరిగే కృష్ణజింకలు, ఋషికుల్య నదీ ముఖంలో గుడ్లు పెట్టడానికి వేలాదిగా వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గంజాం జిల్లాలోనే ఉన్నాయి. వాటి జీవితాన్ని చూపే ఒక విభాగం వస్తే అంతకన్నా మంచి ఊహ నాకు తోచదు.

పంచుకునేటప్పుడు

మీ పిన్నిగారి అబ్బాయికో, మేనకోడలికో పంపే సందేశంలో మెట్టు, ఆధారం, తేదీ మూడూ ఉండాలి. టికెట్లు కొనుక్కుని, పిల్లలకు మాట ఇచ్చి, పర్లాకిమిడి నుంచి అంత దూరం వెళ్లిన కుటుంబం లేని సఫారీ కోసం గేటు దగ్గర వాదించే పరిస్థితి మీ సందేశం వల్ల రాకూడదు. ఇలా రాయవచ్చు:

"నందన్‌కానన్‌లో కొత్త విభాగం గురించి ఒడియా పత్రికలో వచ్చింది, మూల వార్త జతచేస్తున్నాను. ఇది ప్రతిపాదన మాత్రమే. జూ అథారిటీ మినిట్స్‌లో ఇంకా లేదు, టెండరు కనబడలేదు. జంతువుల పేర్లు చెప్పలేదు. ఈ ఏడాది తెరుచుకోదని నా అంచనా. టెండరు పడితే మళ్లీ రాస్తాను."

టెండరు పడినప్పుడు నిజంగానే మళ్లీ రాయండి. టెండరు రద్దయినా అదే గ్రూపులో, అదే సందేశం కింద, రద్దు నోటీసు జతచేసి రాయండి.